ఇన్‌స్టంట్ పొటాటో ఫ్లేక్స్‌తో మన వంటలు ఎలా చేయాలి: పరాఠా, బొండా, కట్‌లెట్, జంతికలు, పావ్

అమెరికాలో ఉన్న మన తెలుగు ఇళ్ళల్లో ప్యాంట్రీ తెరిస్తే చాలాచోట్ల ఒక పొటాటో ఫ్లేక్స్ డబ్బా కనిపిస్తుంది, థాంక్స్‌గివింగ్ సేల్‌లో చవగ్గా వచ్చిందనో పిల్లలు స్కూల్లో మ్యాష్డ్ పొటాటో తిని అడిగారనో కొంటారు, ఒకసారి డబ్బా వెనక రాసినట్టు చేస్తారు, చప్పగా ఉందని పక్కన పెట్టేస్తారు. నాకైతే ఆ డబ్బా మన వంటలకే ఎక్కువ పనికొస్తుంది అనిపిస్తుంది. ఎందుకంటే ఆలూ పరాఠా చిరిగినా, కట్‌లెట్ నూనెలో విడిపోయినా, బొండా మీద నుంచి శెనగపిండి జారిపోయినా కారణం చాలాసార్లు ఒక్కటే, ఉడికించిన ఆలుగడ్డలో నీళ్ళు ఎక్కువ ఉండటం. ఉడికేటప్పుడు గడ్డ ఎంత నీళ్ళు పీల్చిందో మనకి తెలీదు. ఫ్లేక్స్‌లో ఎన్ని నీళ్ళు పొయ్యాలో మనమే డిసైడ్ చేస్తాం. ఈ ఒక్క పాయింట్ పట్టుకుంటే మిగతాదంతా సులువు.

ముందు ఇది ఏంటో తెలుసుకోండి

ఫ్లేక్స్ అంటే పూర్తిగా ఉడికిన ఆలుగడ్డే, పచ్చి పిండి కాదు. 1950లలో ఫిలడెల్ఫియా పక్కన విండ్‌మూర్‌లో ఉన్న అమెరికా వ్యవసాయ శాఖ ల్యాబ్‌లో ఈ పద్ధతి తయారైంది. తొక్క తీసిన గడ్డ ముక్కల్ని ముందు సుమారు 70 డిగ్రీల సెల్సియస్ నీళ్ళల్లో ఒక 20 నిమిషాలు ఉంచుతారు, తర్వాత చల్లారుస్తారు, ఆ తర్వాతే ఆవిరి మీద పూర్తిగా ఉడికిస్తారు. ఉడికిన ముద్దని ఆవిరితో వేడెక్కిన పెద్ద డ్రమ్ మీద పల్చటి పొరలా పరిస్తే కొన్ని సెకన్లలోనే ఆరిపోతుంది, దాన్ని గీకి ముక్కలు చేస్తే అవే మన ఫ్లేక్స్. మధ్యలో ఆ చల్లార్చడం ఎందుకంటే, అలా చేస్తే లోపలి గంజి కాస్త గట్టిపడి కణాల్లోపలే ఉండిపోతుంది, బయటికి కారి జిగురు అవ్వదు.

ఈ కథంతా ఎందుకు చెప్తున్నానంటే మీ వంటింట్లో రెండు విషయాలు దీని మీదే ఆధారపడి ఉన్నాయి. ఒకటి, ఇది ఆల్రెడీ ఉడికింది కాబట్టి కార్న్‌ఫ్లోర్‌లాగా దీన్ని మరిగించక్కర్లేదు, తడి తగిలితే చాలు చిక్కబడుతుంది. రెండు, తడిపిన తర్వాత గట్టిగా గిలక్కొడితే ఆ కణాలు పగిలి లోపలి గంజి బయటికొచ్చి గోడకి పోస్టర్లు అంటించే మైదా జిగురులా సాగుతుంది. అందుకని తడిపిన ఫ్లేక్స్‌ని మిక్సీలో గానీ హ్యాండ్ బ్లెండర్‌తో గానీ ఎప్పుడూ తిప్పొద్దు. పొడిగా ఉన్నప్పుడు మిక్సీలో వేసుకోవచ్చు, దానికేం కాదు.

ఇంకో కన్ఫ్యూజన్ కూడా ఉంది. స్టోర్‌లో పొటాటో స్టార్చ్, పొటాటో ఫ్లోర్, పొటాటో ఫ్లేక్స్ మూడూ పక్కపక్కనే ఉంటాయి. స్టార్చ్ అంటే పచ్చి గడ్డ నుంచి తీసిన తెల్లటి గంజి పిండి, అది వేరే వస్తువు, దీని బదులు అది వేస్తే వంట పాడవుతుంది. ఫ్లోర్ మాత్రం ఉడికిన గడ్డని ఆరబెట్టి మెత్తగా పట్టిందే కాబట్టి ఫ్లేక్స్ బదులు వాడుకోవచ్చు, కాకపోతే కప్పుతో కాకుండా బరువు చూసి మార్చుకోవాలి.

ఏ డబ్బా కొనాలి

ప్లెయిన్‌ది కొనండి. ఐడాహోన్, హంగ్రీ జాక్, బాబ్స్ రెడ్ మిల్ ఇలా ఏదైనా పర్లేదు, స్టోర్ బ్రాండ్‌ది కూడా బావుంటుంది. బటర్, గార్లిక్, చీజ్ ఫ్లేవర్ ప్యాకెట్లలో ఉప్పు, పాలపొడి, నూనె ముందే కలిపి ఉంటాయి, వాటితో పరాఠా చేస్తే మసాలా ఎంత వేసినా వాళ్ళ వాసనే పైకొస్తుంది, ఉప్పు కూడా మన చేతిలో ఉండదు. పైగా లోడెడ్ అని రాసున్న వాటిలో బేకన్ ఉండే ఛాన్స్ ఉంది కాబట్టి శాకాహారులు లేబుల్ చూడకుండా బుట్టలో వేయకండి.

ప్లెయిన్ డబ్బాలో కూడా ఆలుగడ్డతో పాటు ఒకటో రెండో మాటలు కనిపిస్తాయి. మోనో అండ్ డై గ్లిసరైడ్స్ అనేది ముద్ద జిగురు కాకుండా వేసేది, అది మొక్కల నూనె నుంచి రావచ్చు, జంతువుల కొవ్వు నుంచి కూడా రావచ్చు, ఖచ్చితంగా ఉండాలనుకునేవాళ్ళు వీగన్ గుర్తు ఉన్నది గానీ ఇంగ్రీడియెంట్స్‌లో పొటాటో ఒక్కటే ఉన్నది గానీ తీసుకోండి. సోడియం బైసల్ఫైట్ అనేది రంగు మారకుండా వేస్తారు, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళకి సల్ఫైట్లు పడకపోతే అది లేని బ్రాండ్ చూడండి.

షుగర్ ఉన్నవాళ్ళ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఇన్‌స్టంట్ ఆలుగడ్డ గ్లైసెమిక్ ఇండెక్స్ బాగా ఎక్కువ, మామూలుగా ఉడికించిన గడ్డ కన్నా తొందరగా షుగర్ పెంచుతుంది. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి మీ దగ్గర ఉంటే వాళ్ళకి దీనితో మ్యాష్ కలిపి గిన్నెనిండా పెట్టకండి, పప్పు, కూరగాయలు, పనీర్ దండిగా కలిపిన కట్‌లెట్ ఒకటి పెట్టండి.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. గుజరాత్‌లో ఆలుగడ్డ బాగా పండే ప్రాంతాల్లో ఫ్లేక్స్ ఫ్యాక్టరీలు ఉన్నాయి, ఆన్‌లైన్‌లో కూడా ప్యాకెట్లు దొరుకుతున్నాయి. కానీ రైతుబజార్‌లో గడ్డలు చవగ్గా దొరికేచోట కూరల కోసం ఇది కొనడం దండగ అని నా అభిప్రాయం. జంతికలకి, బ్రెడ్డుకి, హడావుడి రోజు పరాఠాకి మాత్రం ఒక చిన్న ప్యాకెట్ ఉంచుకుంటే పనికొస్తుంది.

నీళ్ళ లెక్క

ఇదే అసలు పని, ఇది జాగ్రత్తగా చదవండి.

ఆలుగడ్డలో దాదాపు 80 శాతం నీళ్ళే. అంటే బరువు ప్రకారం 1 వంతు ఫ్లేక్స్‌కి 4 వంతుల నీళ్ళు పోస్తే ఉడికించిన గడ్డ మళ్ళీ తయారైనట్టే, 100 గ్రాముల ఫ్లేక్స్, 400 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపితే అరకిలో ముద్ద. దీన్నుంచి మిగతావన్నీ పైకీ కిందకీ జరుపుకోవడమే. పరాఠాలోకి, బొండాలోకి, కట్‌లెట్‌లోకి గట్టిగా కావాలి కాబట్టి 1కి 3. పూరీ కూరలాంటి జారుడు కూరకి 1కి 6 దాకా వెళ్ళొచ్చు. పిల్లలకి పాలు, వెన్నతో మెత్తటి మ్యాష్ కావాలంటే 1కి 5.

కప్పులతో కొలిస్తే ఇబ్బంది ఏంటంటే బ్రాండ్‌ని బట్టి ఒక కప్పు ఫ్లేక్స్ 60 నుంచి 80 గ్రాముల దాకా ఉంటుంది, రేకులు పెద్దగా ఉంటే తక్కువ తూగుతాయి, పొడిపొడిగా ఉంటే ఎక్కువ తూగుతాయి, డబ్బా అడుగుకి వచ్చేసరికి అదే బ్రాండ్ కూడా మారిపోతుంది. కిచెన్ స్కేల్ ఉంటే దాన్నే వాడండి. లేకపోతే స్టఫింగ్‌కి ఒక కప్పు ఫ్లేక్స్‌కి ముప్పావు కప్పు నీళ్ళతో మొదలుపెట్టి చేత్తో చూసుకుంటూ చెంచాతో పెంచుకోండి.

తడిపే పద్ధతి ఇది:

1. నీళ్ళు మరిగించి స్టవ్ ఆపేయండి. ఉప్పు, నూనె గానీ వెన్న గానీ ఇప్పుడే వేసేయండి.

2. రెండు మూడు నిమిషాలు ఆగండి. సలసల మరిగే నీళ్ళల్లో ఫ్లేక్స్ వేస్తే జిగురు ఎక్కువ వస్తుంది. డబ్బా వెనక కూడా నీళ్ళు మరిగాక దించేసి చల్లటి పాలు పొయ్యమంటారు కదా, అది రుచి కోసమే కాదు, వేడి తగ్గడానికి కూడా.

3. ఫ్లేక్స్ అంతా ఒకేసారి చల్లేయండి, పైన పైన అంతటా పడేట్టు. కలపకండి. ఒక నిమిషం వాటంతట అవే తడవనివ్వండి.

4. ఫోర్క్‌తో అడుగు నుంచి పైకి మెల్లగా నాలుగైదు సార్లు తిప్పండి, అంతే, ఆపేయండి.

5. మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి. మొదట్లో పల్చగా కనిపించినా ఈ పది నిమిషాల్లో గట్టిపడుతుంది, కంగారుపడి ముందే ఇంకా ఫ్లేక్స్ వేసేస్తే తర్వాత పొడిపొడిగా అయిపోతుంది.

ఆలూ పరాఠా

100 గ్రాముల ఫ్లేక్స్‌కి 300 మిల్లీలీటర్ల వేడినీళ్ళు, ఒక స్పూన్ నూనె. పైన చెప్పినట్టు తడిపి పూర్తిగా చల్లారనివ్వండి, గోరువెచ్చగా ఉన్నా పనికిరాదు, వేడి స్టఫింగ్ ఆవిరి వదిలి చపాతీ పిండిని లోపల్నుంచి మెత్తబరుస్తుంది, ఒత్తేటప్పుడు చిరిగేది అక్కడే. టైమ్ ఉంటే ముందురోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మిన్నెసోటా, నార్త్ డకోటా వైపు నార్వే నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు లెఫ్సే అని ఆలుగడ్డ రొట్టె చేస్తారు, మన చపాతీ కంటే పల్చగా పెద్దగా ఉంటుంది, వాళ్ళల్లో ఫ్లేక్స్‌తో చేసేవాళ్ళు కూడా ముద్దని రాత్రంతా చల్లబరిచాకే మైదా కలుపుతారు. చల్లటి ముద్ద తక్కువ పిండి అడుగుతుంది, తక్కువ అంటుకుంటుంది, రొట్టె మెత్తగా వస్తుంది.

చల్లారాక కారం, జీలకర్ర పొడి, ఆమ్‌చూర్, గరం మసాలా, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర కలపండి. ఉల్లిపాయ వేయాలనుకుంటే ఇక్కడ జాగ్రత్త, ఉప్పు తగిలిన ఉల్లిపాయ అరగంటలో నీళ్ళు వదులుతుంది. ఉల్లిపాయ చాలా సన్నగా తరిగి చివర్లో కలపండి, అప్పటికీ తడి అనిపిస్తే ఒక స్పూన్ పొడి ఫ్లేక్స్ చల్లి ఐదు నిమిషాలు ఆగండి, ఆ నీళ్ళని అదే పీల్చేసుకుంటుంది. ఉడికించిన గడ్డతో చేసినప్పుడు ఈ సౌకర్యం ఉండదు, ఇంట్లో గడ్డలు ఉన్నా సరే నేను ఒక రెండు స్పూన్ల ఫ్లేక్స్ అందులో కలిపేది దీనికోసమే.

ఈ ముద్దతో ఒక ఎనిమిది పరాఠాలు వస్తాయి. గోధుమపిండి స్టఫింగ్ కంటే కొంచెం మెత్తగా ఉండాలి, లోపలిది గట్టిగా పైది మెత్తగా ఉంటేనే అంచుదాకా సమానంగా సాగుతుంది.

స్టఫ్ చేసే ఓపిక లేని రోజు ఇంకో దారి. 240 గ్రాముల గోధుమపిండి అంటే రెండు కప్పులు, అందులో 30 గ్రాముల ఫ్లేక్స్, ఉప్పు, వాము, కొంచెం కారం, పసుపు, ఒక స్పూన్ నూనె వేసి గోరువెచ్చటి నీళ్ళు ఒక కప్పు దాకా కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా కలిపేయండి. మామూలు పిండి కంటే నీళ్ళు ఎక్కువ పట్టినట్టు అనిపిస్తుంది, అది ఫ్లేక్స్ తాగేది. అరగంట నానబెట్టి ఒత్తుకోండి. ఈ రొట్టెలు పిల్లల లంచ్ బాక్స్‌లో మధ్యాహ్నం దాకా మెత్తగా ఉంటాయి, పెరుగు, ఆవకాయ ఉంటే చాలు.

బొండా, మసాలా దోశ కూర, పూరీ కూర

వీటికి ముద్ద విడిగా చేసి తాలింపు కలపడం కన్నా తాలింపులోనే చేసేయడం బావుంటుంది. బాండీలో నూనె వేసి ఆవాలు, శెనగపప్పు, మినప్పప్పు, దంచిన అల్లం పచ్చిమిర్చి, కరివేపాకు, ఉల్లిపాయ వేగనిచ్చి పసుపు, ఉప్పు వేసి, 100 గ్రాముల ఫ్లేక్స్‌కి 300 మిల్లీలీటర్ల నీళ్ళు అందులోనే పోసి ఒక మరుగు రానిచ్చి స్టవ్ ఆపండి. రెండు నిమిషాలు ఆగి ఫ్లేక్స్ చల్లండి, నిమిషం తర్వాత మెల్లగా కలపండి. తాలింపు రుచి ప్రతి రేకులోకీ వెళ్తుంది, పైపైన అంటుకున్నట్టు ఉండదు. చల్లారాక నిమ్మరసం, కొత్తిమీర.

బొండాకైతే ఈ ముద్దని నిమ్మకాయంత ఉండలు చేసి గాలికి ఒక పావుగంట వదిలేయండి, పైన తడి ఆరుతుంది, శెనగపిండి గట్టిగా పట్టుకుంటుంది. పైపిండికి ఒక కప్పు శెనగపిండి, రెండు స్పూన్ల బియ్యప్పిండి, ఉప్పు, కారం, చిటికెడు వంట సోడా, గరిట జారుడు కంటే కాస్త చిక్కగా. లోపలిది ఎలాగూ ఉడికిందే కాబట్టి పైపూత ఎర్రగా వేగితే తీసేయొచ్చు.

మసాలా దోశ కూరకి మాత్రం నిజం చెప్తా, ఫ్లేక్స్ ఒక్కదానితో చేస్తే నోటికి ముద్దముద్దగా తగులుతుంది, ముక్క ఉండదు. ఒక పెద్ద ఆలుగడ్డని చిన్న ముక్కలుగా కోసి మైక్రోవేవ్‌లో ఉడికించి తాలింపులో వేసి, మిగతాది ఫ్లేక్స్‌తో చేయండి. ఎవరికీ తేడా తెలీదు. వేపుడుకి, కుర్మాలో ముక్కలకి, బిర్యానీలో ఆలుగడ్డకి దీన్ని వాడే ఆలోచనే వద్దు.

పూరీ కూర ఐతే దీనికి పుట్టినట్టే ఉంటుంది. ఉల్లిపాయ నీళ్ళల్లో ఉడికాక శెనగపిండి కలిపి పోసేవాళ్ళం కదా చిక్కదనం కోసం, దాని బదులు నాలుగైదు స్పూన్ల ఫ్లేక్స్ చల్లేయండి, పచ్చివాసన అనే గొడవే ఉండదు. కూర కాస్త పల్చగా ఉండగానే దించేయండి, టేబుల్ మీదకి వెళ్ళేసరికి చిక్కబడుతుంది. కుర్మా, పనీర్ గ్రేవీ, సూప్ ఏది పల్చబడ్డా ఇదే మందు, ఒక కప్పు గ్రేవీకి ఒక టేబుల్ స్పూన్ చొప్పున చివర్లో వేసి రెండు నిమిషాలు చూసి కావాలంటే ఇంకొంచెం వేయండి. చింతపండు పులుసుల్లో మాత్రం నాకు నచ్చదు, పులుపు చప్పబడిపోతుంది.

కట్‌లెట్

100 గ్రాముల ఫ్లేక్స్, 300 మిల్లీలీటర్ల నీళ్ళు, ఒక కప్పు ఉడికించిన కూరగాయలు. ఫ్రోజెన్ బఠాణీ, క్యారెట్, బీన్స్ వాడేటప్పుడు ఉడికించి జల్లెడలో వేసి, తర్వాత పేపర్ టవల్ మీద పరిచి తడి తీసేయండి, ఈ ఒక్క స్టెప్ వదిలేస్తే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా, పుదీనా, రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ వేసి పిసక్కుండా కలిపి బిళ్ళలు చేసుకోండి, ఒక డజను పైనే వస్తాయి.

పైపూతకి మైదా జారుగా కలిపి అందులో ముంచి బ్రెడ్ క్రంబ్స్ బదులు పొడి ఫ్లేక్స్‌లోనే దొర్లించి చూడండి, ఎర్రగా, కరకరలాడుతూ వస్తుంది. కాకపోతే తొందరగా రంగు వస్తుంది కాబట్టి మంట మధ్యస్థంగా ఉండాలి, నూనె 350 ఫారన్‌హీట్ దగ్గర. ఇదే పూత చేప ముక్కలకి, చికెన్‌కి, పనీర్‌కి కూడా బావుంటుంది, చికెన్‌కి మాత్రం ముక్క పల్చగా కోయండి, లేకపోతే లోపల ఉడికేలోపే పైన నల్లబడుతుంది.

చేసిన బిళ్ళల్ని వేయించే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఎయిర్ ఫ్రయర్‌లో చేసేవాళ్ళు రెండు వైపులా నూనె స్ప్రే చేసి 390 ఫారన్‌హీట్‌లో 12 నుంచి 14 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పండి. నూనె అస్సలు కొట్టకుండా పెడితే ఫ్లేక్స్ పూత ఎర్రబడదు, తెల్లగా ఎండిపోయి పిండి తిన్నట్టు ఉంటుంది.

ఆలూ జంతికలు

దీపావళికి, సంక్రాంతికి చేసే జంతికల్లో ఆలుగడ్డ కలిపితే నోట్లో కరిగిపోయేట్టు వస్తాయి గానీ ఉడికించిన గడ్డలో మెదగని చిన్న ముక్క మిగిలినా జంతికల గొట్టం బిల్లలో ఇరుక్కుని ప్రాణం తీస్తుంది. ఫ్లేక్స్‌తో ఆ సమస్యే లేదు.

40 గ్రాముల ఫ్లేక్స్‌ని ముందు పొడిగా మిక్సీలో మెత్తగా పట్టండి. 160 మిల్లీలీటర్ల వేడినీళ్ళతో తడిపి చల్లార్చండి. అందులో 300 గ్రాముల బియ్యప్పిండి, రెండు మూడు స్పూన్ల వేయించిన శెనగపప్పు పొడి, 30 గ్రాముల వెన్న, నువ్వులు, వాము, కారం, ఇంగువ, ఉప్పు వేసి ముందు నీళ్ళు లేకుండానే చేత్తో బాగా కలపండి. ఆలుగడ్డలో తడి చాలావరకు పిండికి పడుతుంది. ఆ తర్వాతే నీళ్ళు కొంచెం కొంచెంగా, ముప్పావు కప్పుకి మించకుండా. పిండి మెత్తగా ఉండాలి, కానీ గొట్టం నొక్కితే తీగ తెగకుండా రావాలి.

నూనె మధ్యస్థంగా కాగాక వత్తండి. మామూలు జంతికల కంటే ఇవి తొందరగా ఎర్రబడతాయి, ఆలుగడ్డలో ఉండే చక్కెర వల్ల, అందుకని రంగు చూసి తీసేస్తే లోపల మెత్తగా ఉండిపోతాయి. మంట తగ్గించి నూనెలో బుడగలు పూర్తిగా తగ్గేదాకా ఉంచి తీయండి, వేగిందనడానికి అదే గుర్తు. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి.

పావ్

బేకింగ్‌కి వస్తే ఫ్లేక్స్ అసలు గొప్పతనం బయటపడుతుంది. పావ్ భాజీకి మన వాళ్ళు ఇక్కడ పెన్సిల్వేనియా నుంచి వచ్చే మార్టిన్స్ పొటాటో రోల్స్ కొంటారు కదా, ఆ మెత్తదనంలో ఆలుగడ్డకి పెద్ద వాటా ఉంది. ఉడికిన గంజి తన బరువుకి కొన్ని రెట్లు నీళ్ళు పట్టి ఉంచుతుంది, ఓవెన్‌లో కూడా వదలదు, అందుకే బన్ను మర్నాటికి కూడా ఎండిపోదు. గుడ్డు వేయకుండానే ఆ మెత్తదనం వస్తుంది, శాకాహారులకి ఇది పెద్ద ఉపయోగం.

కానీ ఎక్కువ వేస్తే మంచిది అనుకోకండి. ఆలుగడ్డలో గ్లూటెన్ లేదు, మైదా బరువులో పదోవంతు దాటితే బన్ను పొంగదు, బరువుగా, తడితడిగా ఉంటుంది.

కావలసినవి: 360 గ్రాముల బ్రెడ్ ఫ్లోర్ గానీ ఆల్ పర్పస్ గానీ, 30 గ్రాముల ఫ్లేక్స్, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ అంటే ఒక ప్యాకెట్, 25 గ్రాముల చక్కెర, ఒకటింపావు టీస్పూన్ ఉప్పు, 55 గ్రాముల మెత్తబడ్డ వెన్న, ఒక కప్పు గోరువెచ్చటి పాలు, రెండు మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళు.

1. వెన్న తప్ప మిగతావన్నీ గిన్నెలో వేసి పిండి తడిసేంతవరకు మాత్రం కలిపి మూతపెట్టి 20 నిమిషాలు వదిలేయండి. ఫ్లేక్స్ తాగాల్సిన నీళ్ళు ఈలోపు తాగేస్తుంది. ఈ గ్యాప్ ఇవ్వకుండా పిసకడం మొదలుపెడితే చేతికి అంటుకుంటోందని మైదా చల్లుతూ పోతాం, చివరికి బన్ను రాయి.

2. వెన్న వేసి చేత్తో పది పన్నెండు నిమిషాలు, స్టాండ్ మిక్సర్‌లో ఐతే ఏడెనిమిది నిమిషాలు పిసకండి. పిండి నున్నగా సాగాలి, కొంచెం అంటుకున్నట్టే ఉంటుంది, అలాగే ఉండాలి. చేతికి నూనె రాసుకోండి, పిండి చల్లకండి.

3. నూనె రాసిన గిన్నెలో మూతపెట్టి రెట్టింపు అయ్యేదాకా, ఇల్లు వెచ్చగా ఉంటే గంట, చికాగో, డెట్రాయిట్ చలికాలంలో గంటన్నర పైనే పట్టొచ్చు. ఓవెన్ ఆన్ చేయకుండా లోపల లైట్ వేసి అందులో పెడితే సరిపోతుంది.

4. గాలి తీసి 12 సమాన ముద్దలు చేసి 9 బై 13 అంగుళాల పాన్‌లో పక్కపక్కనే పెట్టండి, పొంగాక ఒకదానికొకటి తగలాలి, పావ్‌కి ఆ తెల్లటి మెత్తటి పక్కలు వచ్చేది అలాగే. ఇంకో 40 నిమిషాలు ఆగండి.

5. పైన పాలు రాసి 350 ఫారన్‌హీట్‌లో 22 నుంచి 25 నిమిషాలు. థర్మామీటర్ ఉంటే మధ్య బన్నులో 190 చూపించాలి. బయటికి తీయగానే వెన్న రాసి పొడి బట్ట కప్పండి.

ఇదే పిండితో దిల్‌పసంద్ చేసుకోవచ్చు, లోపల కొబ్బరి, టూటీఫ్రూటీ పెట్టి. కర్రీ బన్ కావాలంటే పైన చెప్పిన బొండా ముద్దని లోపల పెట్టి ఉండ చుట్టి ఇదే టెంపరేచర్‌లో బేక్ చేయండి, హైదరాబాద్ బేకరీల్లో తిన్న అలవాటున్నవాళ్ళకి బాగా నచ్చుతుంది.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఫ్లేక్స్, చక్కెర, గోరువెచ్చటి నీళ్ళతో పులియబెట్టిన స్టార్టర్‌ని ఫ్రిజ్‌లో ఉంచుకుని, కొన్ని రోజులకోసారి మళ్ళీ ఫ్లేక్స్, చక్కెర వేసి కాపాడుకుంటూ బ్రెడ్ చేస్తారు, ఒకళ్ళ ఇంటి నుంచి ఇంకొకళ్ళ ఇంటికి సీసాలో వెళ్తుంది. మీ పక్కింటివాళ్ళు ఎవరైనా అలాంటి సీసా ఇస్తే కాదనకండి, తియ్యగా, మెత్తగా వస్తుంది ఆ బ్రెడ్.

దాచుకోవడం

తెరిచిన డబ్బాని అలాగే ప్యాంట్రీలో వదిలేయొద్దు, ఫ్లేక్స్ గాల్లో తేమని లాగేసుకుంటుంది. గాలి చొరని డబ్బాలో పోసి, తెరిచిన తేదీ రాసి పెట్టండి, హ్యూస్టన్, ఫ్లోరిడా లాంటి ఉక్కపోత ఊళ్ళల్లో ఉంటే ఫ్రీజర్‌లో పెట్టేయడం మంచిది. వైజాగ్, కాకినాడ వాళ్ళకీ ఇదే మాట. వాడేముందు ఒకసారి వాసన చూడండి, పాత అట్టపెట్టె వాసనో ఎండుగడ్డి వాసనో వస్తే పారేయండి, ఏ మసాలా కూడా దాన్ని కప్పదు.

పొడిగా ఉన్నంతవరకే ఇది నిలవుండే వస్తువు. నీళ్ళు తగిలాక వండిన కూరతో సమానం, రెండు గంటలకి మించి బయట ఉంచకండి, ఫ్రిజ్‌లో ఐతే మూడు రోజుల్లో వాడేయండి. కట్‌లెట్ బిళ్ళలు మాత్రం ట్రే మీద విడివిడిగా పెట్టి గట్టిపడ్డాక జిప్‌లాక్‌లో వేసి ఫ్రీజ్ చేస్తే ఒకటి రెండు నెలలు బావుంటాయి, వేయించేటప్పుడు కరగబెట్టకుండా అలాగే సన్న మంట మీద పెనంలో వేయండి, కరిగితే పైపూత తడిసి ఊడిపోతుంది.